ఇంటర్ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం: పుస్తకం మూసి చేసే రివిజన్

పరీక్షలు దగ్గరపడ్డాక బైపీసీ విద్యార్థులు ఎక్కువగా చేసే పని అవే పాఠాలను మళ్లీ మళ్లీ చదవడం. నాలుగోసారి చదివేసరికి వాక్యాలు కళ్లకు అలవాటై, అంతా వచ్చేసినట్టే ఉంటుంది. తీరా హాల్లో తెల్లకాగితం ముందు కూర్చుంటే మొదటి వాక్యమే తట్టదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. మార్కులు రెండోదానికే కాబట్టి రివిజన్ కూడా రాస్తూనే సాగాలి.

ముందు పేపరు సంగతి. తెలంగాణ ఇంటర్ బోర్డు పాత పేపర్లలో ఒక్కో సబ్జెక్టుకు 60 మార్కులు, 3 గంటలు. 2 మార్కులవి పదీ రాయాలి. 4 మార్కులవి ఎనిమిదింటిలో ఆరు, 8 మార్కులవి మూడింటిలో రెండు. నమూనా మారవచ్చు, మీ ఏడాది మోడల్ పేపరు చూసుకున్నాకే మొదలుపెట్టండి.

లాంగ్ ఆన్సర్‌ని బొమ్మతో మొదలుపెట్టి నేర్చుకోవాలి. మనిషి గుండె నిర్మాణమే తీసుకోండి. పుస్తకం మూసి, పెన్సిలుతో ఆరు నిమిషాల్లో బొమ్మ గీయండి. గుండె కుడివైపు కాగితం మీద మన ఎడమచేతి వైపు వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇది తప్పితే కుడివైపుండే అగ్రత్రయ (మూడు రెక్కల), ఎడమవైపుండే అగ్రద్వయ (రెండు రెక్కల) కవాటాలు రెండూ తారుమారవుతాయి. ఎడమ జఠరిక (గుండె కింది గది) రక్తాన్ని ఒళ్లంతా పంపాలి గనుక దాని గోడ మందం, బొమ్మలోనూ మందంగానే కనిపించాలి. ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని కుడి జఠరిక నుంచి బయలుదేరుతుంది. పేరుకు ధమనే అయినా అందులో ఉండేది ఆమ్లజనిరహిత రక్తం. పేర్లు రాసే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు.

గీశాక పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పినవీ ఎర్ర పెన్నుతో దిద్దండి. మర్నాడు మళ్లీ చూడాల్సింది ఆ ఎర్రవే. తర్వాత నాలుగో రోజు, పన్నెండో రోజు మొత్తం బొమ్మ గీయాలి. కొంచెం మరిచిపోయాక గుర్తుచేసుకుంటేనే గట్టిగా నిలుస్తుంది. ఒకే రోజు పదిసార్లు గీయడం వల్ల చెయ్యి తిరుగుతుందే తప్ప విషయం నిలవదు.

అంకెలను విడిగా బట్టీ పట్టకండి, ఒకదానితో ఒకటి ముడిపెట్టండి. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఒక్కో హృదయ వలయానికి, అంటే ఒక్కసారి కొట్టుకోవడానికి, దాదాపు 0.8 సెకను. అందులో కర్ణికల (పై గదుల) సంకోచం 0.1, జఠరికల సంకోచం 0.3, అన్ని గదుల విశ్రాంతి 0.4. ఒక్కో సంకోచంలో జఠరిక పంపేది 70 మి.లీ., దాన్ని 72తో గుణిస్తే నిమిషానికి సుమారు 5 లీటర్లు. ఒక అంకె మరిచినా మిగతావాటి నుంచి రాబట్టుకోవచ్చు.

వృక్షశాస్త్రంలో కాల్విన్ వలయానికీ (కిరణజన్య సంయోగక్రియలో చక్కెర తయారయ్యే దశ) ఇదే మార్గం. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు క్షయకరణంలో 2 ఏటీపీ (శక్తినిచ్చే అణువు), 2 ఎన్ఏడీపీహెచ్ (క్షయకరణకు ఎలక్ట్రాన్లిచ్చే అణువు), ఆర్‌యూబీపీ (కార్బన్ డయాక్సైడ్‌ను మొదట పట్టుకునే అణువు) పునరుత్పత్తిలో ఇంకో 1 ఏటీపీ ఖర్చవుతాయి. గ్లూకోజ్‌కు ఆరు అణువులు కావాలి కనుక 18 ఏటీపీ, 12 ఎన్ఏడీపీహెచ్. ఆ 1 ఏటీపీ ఎక్కడ ఖర్చయిందో తెలియనివాళ్లే 12, 12 అని రాసేస్తారు.

భేదాలు అడిగితే రెండు నిలువు వరుసల్లో ఒకే అంశాన్ని ఎదురెదురుగా రాయండి. సమ విభజన వైపు పిల్లకణాల సంఖ్య, క్షయకరణ విభజన వైపు వినిమయం (క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకోవడం) రాస్తే అది భేదం కాదు.

రెండు మార్కులవాటికి నిర్వచనం, ఉదాహరణ చాలు. పేజీ నింపనక్కర్లేదు.

నీట్ బిట్లు చేస్తున్నాం కదా అని రాత సాధన మానేయడం పెద్ద పొరపాటు. నాలుగు ఆప్షన్లలో జవాబు ముందే కనబడుతుంది, బోర్డు పేపరులో కనబడదు.

చివరి పది రోజుల్లో సబ్జెక్టుకు కనీసం రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని పూర్తిగా రాయండి. 2 మార్కులవన్నీ కలిపి 30 నిమిషాలు, 4 మార్కులది ఒక్కోటి 12, 8 మార్కులది ఒక్కోటి 25. మొత్తం 152 నిమిషాలు. మిగిలిన 28 నిమిషాల్లో ప్రశ్న నంబర్లు, బొమ్మల్లో పేర్లు సరిచూసుకోండి. సమయం చాలకపోతే తప్పు సాధారణంగా మొదటి లాంగ్ ఆన్సర్‌లో ఉంటుంది: బాగా వచ్చిందని దానికే 40 నిమిషాలు ఇచ్చేసి ఉంటారు.