ఏఐ ఏజెంట్ తప్పు చేయకుండా టూల్ వివరణ రాయడం ఎలా?

మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌ను ఏఐ ఏజెంట్ అంటారు. దానికి ఒక సాఫ్ట్‌వేర్ టూల్ (ఏదైనా పని కోసం అది పిలిచి వాడుకునే ప్రోగ్రామ్) అప్పగించినప్పుడు దానికి కనిపించేవి ముఖ్యంగా మూడు: టూల్ పేరు, వివరణ, ఏయే విలువలు పంపాలో చెప్పే పట్టిక. 2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ (ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి పద్ధతి) టూల్ పరిచయం వీటి మీదే నడుస్తుంది. లోపలి కోడ్ సాధారణంగా ఏజెంట్ కంట పడదు. కొత్తగా చేరిన ఉద్యోగికి సందేహం వస్తే పక్క సీటులోని వారిని అడుగుతాడు. ఏజెంట్ మాత్రం, మనం రాయకుండా వదిలేసిన చోట చాలాసార్లు తానే ఊహించుకుని ముందుకు వెళ్తుంది. డబ్బు వ్యవహారంలో అలాంటి ఊహ ఎంత నష్టం తెస్తుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఆన్‌లైన్ దుకాణంలో రీఫండ్ పంపే టూల్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

మొదట పేరు. ‘ప్రాసెస్’ అంటే దేన్నయినా కావచ్చు. ‘క్రియేట్ రీఫండ్’, ‘గెట్ రీఫండ్ స్టేటస్’ అని పెడితే ఏది డబ్బు పంపుతుందో, ఏది వివరాలు మాత్రమే చూపుతుందో పేరులోనే తెలుస్తుంది.

తర్వాత వివరణ. ‘రీఫండ్‌ను ప్రాసెస్ చేస్తుంది’ అన్న వాక్యం పేరునే మళ్లీ చెబుతోంది. దాని బదులు ఇలా రాయండి: ‘డబ్బు చెల్లించిన ఆర్డరుకు పూర్తిగా గానీ, కొంత గానీ తిరిగి పంపుతుంది. చెల్లింపు జరగని ఆర్డరుకు దీన్ని వాడవద్దు. దానికి క్యాన్సిల్ ఆర్డర్ టూల్ ఉంది. పంపిన డబ్బును వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి మొత్తం ఎంతో కస్టమర్‌తో ముందే ఖాయం చేసుకోవాలి.’ ఇందులో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ‘వాడవద్దు’ అన్న వాక్యం. దగ్గరి పోలిక ఉన్న రెండు టూల్స్ పక్కపక్కన ఉంటే ఏజెంట్ తడబడేది అక్కడే.

మూడోది విలువల పట్టిక. దీనికి ఎంత సమయం పెట్టినా దండగ కాదు. రేజర్‌పే, స్ట్రైప్ వంటి ఆన్‌లైన్ చెల్లింపు సేవల ఏపీఐలు (వేరే ప్రోగ్రాములు ఆ సేవను వాడుకునే మార్గాలు) రూపాయల మొత్తాన్ని పైసల్లో తీసుకుంటాయి. మీ టూల్ కూడా అలాంటిదే అయి, పట్టికలో ‘మొత్తం: సంఖ్య’ అని మాత్రమే ఉంటే, ఏజెంట్ 500 రూపాయలకు 500 అనే పంపవచ్చు. కస్టమర్‌కు చేరేది 5 రూపాయలు! ‘మొత్తం పైసల్లో, 500 రూపాయలకు 50000’ అని ఉదాహరణతో సహా రాయండి. తేదీ విషయమూ ఇంతే. 03/04/2025 మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. 2025-04-03 రూపంలోనే పంపాలని చెప్పండి. ఆర్డరు నంబరు సున్నాతో మొదలయ్యే వీలుంటే దాన్ని సంఖ్యగా కాక అక్షరాల వరుసగా తీసుకోవాలి, లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

లోపం వచ్చినప్పుడు వెళ్లే సందేశం కూడా వివరణలో భాగమే. ‘లోపం 400’ చూసి ఏజెంట్ ఏమీ సరిదిద్దుకోలేదు. ‘ఈ ఆర్డరుకు ఇంకా 32000 పైసలే తిరిగి ఇవ్వగలం. కస్టమర్‌ను అడిగి ఆ మొత్తంలోపు పంపండి’ అంటే తర్వాత చేయాల్సింది తెలుస్తుంది. ఇక డబ్బు వెళ్లిపోయి, జవాబు మాత్రం నెట్‌వర్క్‌లో ఆగిపోయిన సందర్భం ఉంది. ఏజెంట్ మళ్లీ ప్రయత్నిస్తే రెండుసార్లు రీఫండ్ అవుతుంది. మొదటిసారి పంపిన గుర్తింపు కీనే (ఆ ఒక్క రీఫండ్‌కు మాత్రమే కేటాయించిన గుర్తు) మళ్లీ పంపాలని వివరణలో రాయండి, అదే కీ మళ్లీ వస్తే రెండోసారి డబ్బు పంపకుండా కోడ్‌లోనూ అడ్డుకట్ట వేయండి. ఇలాంటి చోట రాత ఒక్కదాని మీదే భారం వేయకూడదు.

ప్రచార వాక్యాలు, టూల్ చరిత్ర తీసేయండి. అన్ని టూల్స్ వివరణలూ ఏజెంట్ ఒకేసారి చదవగల పరిమితిలోనే చోటు పంచుకోవాలి.

చివరగా పరీక్ష. ‘నిన్న వచ్చిన చీర వద్దు, డబ్బు తిరిగి ఇవ్వండి’, ‘ఆర్డరు పెట్టాను, డబ్బు కట్టలేదు, తీసేయండి’ వంటి మాటలు నిజమైన డబ్బు కదలని పరీక్ష ఖాతాలో ఏజెంట్‌కు ఇవ్వండి. ఏ టూల్ ఎంచుకుంది, ఏ విలువలు పంపింది అన్నది లాగ్‌లో (ఏజెంట్ చేసిన పనుల నమోదులో) చూడండి. తప్పిన చోట ముందుగా వివరణనే దిద్దండి. కోడ్ మారిన ప్రతిసారీ ఇవే పరీక్షలు మళ్లీ నడపండి. వివరణను కోడ్ ఉన్న ఫైలులోనే ఉంచితే, ఒకటి మార్చినవారు రెండోది మరిచిపోయే అవకాశం తగ్గుతుంది.