పోకెమాన్ పోరులో ముందు ఎవర్ని దింపాలి?

మా మేనల్లుడు వేసవి సెలవులకి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, నరసాపురం మీదుగా మా ఇంటికి వస్తాడు. వచ్చిన సాయంత్రమే అరుగు మీద కూర్చుని ఫోన్‌లో పోకెమాన్ షోడౌన్ తెరుస్తాడు, పోకెమాన్ అనే జీవుల్ని ఒకదానితో ఒకటి పోరాడించే ఆట అది. పైసా ఖర్చు లేకుండా బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు కాబట్టి, కన్సోల్ కొనలేని పిల్లలకి అదే పెద్ద ఆధారం. ఈసారి వరసపెట్టి ఏడు ఆటలు పోగొట్టుకుని, "మావయ్యా, ఉన్నవాటిల్లో బలమైనదాన్నే ముందు దింపుతున్నాను కదా, మరి ఎందుకు పోతోంది?" అని అడిగాడు.

పోయేది అక్కడే. ముందు దిగేదాన్ని, అంటే లీడ్‌ని, బలం చూసి ఎంచుకోకూడదు. ఆఖర్న ఆట గెలిపించేది ఏదో తేల్చుకుని, దానికి దారి వేసేదాన్ని ముందు దింపాలి. ఇద్దరి దగ్గరా ఆరేసి పోకెమాన్‌లు ఉండి, ఒక్కొక్కటిగా తలపడే సింగిల్స్ ఆట గురించే ఇదంతా చెబుతున్నాను. రెండేసి కలిసి తలపడే డబుల్స్ సంగతి చివర్లో కొంచెం వస్తుంది.

1. ముగించేది ఎవరో తేల్చుకోండి

2010లో జపాన్‌లో వచ్చిన ఐదో తరం ఆటల నుంచి టీమ్ ప్రివ్యూ ఉంది. అంతకుముందు అవతలివాళ్ళ జట్టు కనపడేదే కాదు, లీడ్ అంటే చీకట్లో రాయి వేయడమే. ఇప్పుడు ఆట మొదలయ్యే ముందే ఇద్దరి ఆరూ ఇద్దరికీ కనిపిస్తాయి. చేతిలో ఉన్న వస్తువులు, దాచుకున్న మూవ్‌లు, అంటే వేయబోయే ఎత్తులు, మాత్రం కనపడవు.

ఆ తెర రాగానే చాలామంది అవతలి ఆరుని చూస్తారు. ముందు మీ ఆరుని చూడండి. కింగ్‌గాంబిట్ ఉందనుకోండి. సుప్రీమ్ ఓవర్‌లార్డ్ అనే దాని ఎబిలిటీ (దానికి సహజంగా ఉండే గుణం) వల్ల, అది దిగేలోపు మీవి ఎన్ని పడిపోతే ఒక్కోదానికి పది శాతం చొప్పున దాని దెబ్బ పెరుగుతుంది. ఐదూ పడిపోయాక దిగితే యాభై శాతం ఎక్కువ. అలాంటిదాన్ని మొదటి టర్న్‌లోనే దింపితే ఆ లాభం సున్నా. మా వాడు చేసింది సరిగ్గా అదే.

ఇప్పుడు అవతలి ఆరుని చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: నా కింగ్‌గాంబిట్‌ని ఆపేది ఏది? గ్రేట్ టస్క్ కనిపించిందంటే జవాబు దొరికినట్టే. కింగ్‌గాంబిట్ డార్క్, స్టీల్ కలిసిన రకం. ఫైటింగ్ మూవ్ దానికి నాలుగింతలు తగులుతుంది, గ్రేట్ టస్క్ ఫైటింగ్ రకమే. ఆఖర్న కింగ్‌గాంబిట్ దిగే వేళకి ఆ గ్రేట్ టస్క్ పడిపోయి ఉండాలి, లేదా కొన ఊపిరితో ఉండాలి. కాబట్టి లీడ్ పని గ్రేట్ టస్క్‌ని నలగ్గొట్టడం. అది గ్రౌండ్ రకం కూడా, దానికి నీళ్ళ దెబ్బ రెండింతలు తగులుతుంది. నీళ్ళ రకమైన రోటమ్-వాష్ ఉంటే దాన్ని దింపండి.

2. అవతలివాళ్ళు ఏం చేయబోతున్నారో చదవండి

పెలిప్పర్ కనిపించిందంటే వాన జట్టు. అది దిగగానే ఐదు టర్న్‌లు వాన కురుస్తుంది, డ్యాంప్ రాక్ అనే వస్తువు పట్టుకుని ఉంటే ఎనిమిది. జట్టులో స్విఫ్ట్ స్విమ్ అనే ఎబిలిటీ ఉన్నది ఉంటే ఆ వానలో దాని వేగం రెండింతలు అవుతుంది కాబట్టి, పెలిప్పరే ముందు రావడం మామూలు. మీ దగ్గర దిగగానే ఎండ తెచ్చే టోర్కోల్ ఉంటే మంచి అవకాశం. రెండూ ఒకేసారి దిగితే వేగం ఉన్నదాని వాతావరణం ముందు వస్తుంది, నిదానమైనదాని వాతావరణం దాన్ని చెరిపేసి నిలబడుతుంది. టోర్కోల్ తాబేలు నడకే ఇక్కడ దాని బలం.

గ్రిమ్‌స్నార్ల్ ఉంటే, తగిలే దెబ్బని తగ్గించే తెరలు కట్టే జట్టని అనుకోవచ్చు. గ్లిమోరా, టింగ్-లూ, గార్చాంప్ లాంటివి ఉంటే స్టెల్త్ రాక్, అంటే ఎదుటి వైపు రాళ్ళు పరిచే మూవ్, రావచ్చు.

3. రాళ్ళు వేయాలా వద్దా

స్టెల్త్ రాక్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. లీడ్ ఎంపికలో సగం దీని చుట్టూనే తిరుగుతుంది. ఒకసారి వేస్తే, అవతలివాళ్ళది ఏది దిగినా రాయి దెబ్బ తగులుతుంది. మామూలు రకానికి మొత్తం హెచ్‌పీలో, అంటే ప్రాణబలంలో, ఎనిమిదో వంతు పోతుంది. రాక్ రకానికి బలహీనమైతే నాలుగో వంతు, చారిజార్డ్, వోల్కరోనాల్లా రెండు వైపులా బలహీనమైతే ఏకంగా సగం. అంటే వోల్కరోనా రెండుసార్లు దిగితే ఎవరూ కొట్టకుండానే పని అయిపోతుంది. ఆకుమడి పోసినట్టే ఇది. ఆ రోజుకి చేతికి వచ్చేదేమీ కనపడదు, నాట్లన్నీ దాని మీదే ఆధారం.

అవతలి ఆరులో రాళ్ళకి నలిగేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు, మూడు ఉంటే రాళ్ళు వేసేదాన్నే లీడ్‌గా పెట్టండి. వాటి చేతిలో హెవీ-డ్యూటీ బూట్స్ ఉంటే రాళ్ళ దెబ్బ తగలదన్న సంగతి గుర్తుంచుకోండి.

నాకు జరిగింది చెబుతాను. నా జట్టులో డ్రాగనైట్ మీదే ఆశంతా. హెచ్‌పీ నిండుగా ఉన్నంతసేపు మల్టీస్కేల్ అనే ఎబిలిటీ వల్ల దానికి తగిలే దెబ్బ సగమే. అవతల హాటరీన్ ఉంది, చూశాను కూడా. అయినా అలవాటు కొద్దీ గార్చాంప్‌ని దింపి, మొదటి టర్న్‌లోనే స్టెల్త్ రాక్ నొక్కాను. అవతలివాడు తన లీడ్‌ని వెనక్కి తీసుకుని హాటరీన్‌ని పంపాడు. మార్పిడి ఎప్పుడూ మూవ్ కంటే ముందే జరుగుతుంది. హాటరీన్‌కి ఉన్న మ్యాజిక్ బౌన్స్ అనే ఎబిలిటీ నా రాళ్ళని తిప్పి నా వైపే పడేసింది. నా డ్రాగనైట్‌కి బూట్లు లేవు. ఫ్లయింగ్ రకం కాబట్టి దిగిన ప్రతిసారీ నాలుగో వంతు హెచ్‌పీ పోయింది, మల్టీస్కేల్ ఒక్కసారి కూడా పనికి రాలేదు. ఆ మొదటి టర్న్‌లో రాళ్ళ బదులు ఎర్త్‌క్వేక్ నొక్కి ఉంటే, హాటరీన్ వస్తూనే గట్టి దెబ్బ తినేది. రాళ్ళు తర్వాత వేసుకునేవాణ్ణి. అవతల హాటరీన్‌గానీ, అదే ఎబిలిటీ ఉండగల ఎస్పియాన్‌గానీ కనిపిస్తే మొదటి టర్న్‌లో రాళ్ళు వేయకండి, కొట్టండి.

ఫోకస్ శాష్ (నిండు హెచ్‌పీ మీద ఒక్క దెబ్బకే పడిపోకుండా కాపాడే వస్తువు) కట్టిన గ్లిమోరాని దింపి, రాళ్ళు వేయించి, దాన్ని బలి ఇచ్చేసే పద్ధతి ఒకటి ఉంది. బాగా ఆడేవాళ్ళ చేతిలో అది భయంకరంగా పనిచేస్తుంది. కొత్తవాళ్ళకి మాత్రం నేను చెప్పను. ఐదుతో ఆరుని ఎదుర్కోవాలంటే ఆ తర్వాత ప్రతి టర్న్‌లోనూ మీదే పైచేయి కావాలి, అది మొదటి నెలలో వచ్చే విద్య కాదు.

4. తప్పితే ఎటు తప్పుకోవాలో ముందే అనుకోండి

మీరు ఊహించిన లీడ్ రాకపోవచ్చు. టెన్షన్ పడక్కర్లేదు. బటన్ నొక్కే ముందే, "నా లీడ్‌కి పడనిది ఎదురైతే దీన్ని దింపుతాను" అని రెండోదాన్ని అనుకుని పెట్టుకోండి. యూ-టర్న్, వోల్ట్ స్విచ్ అనే మూవ్‌లు ఉన్న లీడ్‌లు అందుకే కొత్తవాళ్ళకి మంచివి. కొట్టి మరీ వెనక్కి వస్తాయి. వోల్ట్ స్విచ్ గ్రౌండ్ రకానికి తగలదు, తగలకపోతే మీరు వెనక్కి రాలేరు. అవతల గార్చాంప్ కాచుకుని ఉంటే ఆ బటన్ మీద భరోసా పెట్టుకోకండి.

అవతలి లీడ్ టాంట్ (కొట్టని మూవ్‌లు వేయనీయకుండా చేసే మూవ్) వేసే రకమైతే మూడు టర్న్‌లు మీ రాళ్ళు, తెరలు అన్నీ బంద్. అలా అనుమానం వస్తే కొట్టే మూవ్‌తోనే మొదలుపెట్టండి.

5. డబుల్స్ అయితే

అధికారిక పోటీల్లో ఆరులోంచి నలుగుర్ని ఎంచుకుని, ఇద్దర్ని ముందు దింపాలి. ఎంచుకోవడానికి 90 సెకన్లు. అక్కడ మొదటి ప్రశ్న వేగం. టెయిల్‌విండ్ నాలుగు టర్న్‌లు మీ జట్టు వేగాన్ని రెండింతలు చేస్తుంది, ట్రిక్ రూమ్ ఐదు టర్న్‌లు నిదానమైనవాళ్ళని ముందుకి తెస్తుంది. ఒకరు అది వేస్తుంటే, పక్కన ఇన్సినరోర్ ఫేక్ అవుట్‌తో ఒకర్ని ఆ టర్న్‌కి ఆపేయాలి. ఫేక్ అవుట్ దిగిన మొదటి టర్న్‌లోనే పనిచేస్తుంది, ఘోస్ట్ రకానికి తగలదు.

6. ఓడిన ఆట మళ్ళీ చూడండి

షోడౌన్‌లో రీప్లే, అంటే ఆడిన ఆట రికార్డు, దాచుకోవచ్చు. మొదటి మూడు టర్న్‌లు చూస్తే చాలు. మా వాడి చేత ఒక పాత లెక్కల నోట్‌బుక్కులో ఆటకో వరస రాయించాను: నేనేం దింపాను, వాళ్ళేం దింపారు, ఏది దింపాల్సింది. ఇరవై వరసలయ్యేసరికి, "మావయ్యా, పెలిప్పర్ ఉన్నవాళ్ళు దాన్నే ముందు దింపుతున్నారు" అని వాడే చెప్పాడు.

సెలవులు అయిపోయి వెళ్తూ పంటు మీంచి ఒక రీప్లే పంపాడు. అవతల గ్రేట్ టస్క్. వీడు రోటమ్-వాష్‌ని దింపి హైడ్రో పంప్ నొక్కాడు. తగలలేదు, దాని గురి ఎనభై శాతమే. గ్రేట్ టస్క్ రాళ్ళు వేసుకుంది. వీడు రోటమ్‌ని మార్చకుండా మళ్ళీ హైడ్రో పంప్ నొక్కాడు, ఈసారి తగిలింది. కింగ్‌గాంబిట్ పద్దెనిమిదో టర్న్ దాకా దిగలేదు.