కొత్తవాళ్ల కోసం జావాస్క్రిప్ట్ ఆన్‌లైన్ కోర్సు: ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి

మొదటి పాఠంలో ఏదీ ఇన్‌స్టాల్ చేయించకండి. బ్రౌజర్ చాలు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి (మ్యాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్, జె మూడూ కలిపి) కన్సోల్ (కోడ్ రాసి ఫలితం అక్కడే చూసే చోటు) తెరిచి 7 * 6 అని టైప్ చేస్తే 42 కనిపిస్తుంది. నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపేది), గిట్ (కోడ్‌లో మార్పులను గుర్తుంచుకునేది), ఎడిటర్ సెట్టింగులతో మొదలుపెడితే ఒక్క లైను రాయకముందే నేర్చుకునేవాళ్ల ఓపిక అయిపోతుంది. అవి అవసరం పడిన రోజునే చెప్పండి.

8 వారాల కోర్సుకు ఈ పంపకం సరిపోతుంది: మొదటి వారం విలువలు, వేరియబుల్స్ (విలువలకు పెట్టే పేర్లు), రెండోది షరతులు, లూప్‌లు, 3, 4 వారాలు ఫంక్షన్లకే (పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్కలు), ఐదోది అర్రేలు (విలువల వరుసలు), ఆబ్జెక్టులు (పేర్లతో ఉన్న విలువల కట్టలు), 6, 7 వారాలు వెబ్ పేజీతో పని, చివరి వారం సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం.

ఒక్కో వీడియో 6 నుంచి 10 నిమిషాలు, ఒక్కో దాంట్లో ఒకే విషయం. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ ఫైలు ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. అందుకే ప్రతి వీడియో వెనకాలే అభ్యాసం ఉండాలి, అదీ ఈ వరుసలో: కోడ్ చూపించి ఏం వస్తుందో ముందు రాయించాలి, తర్వాత రన్ చేయించాలి, ఆ తర్వాత ఒక లైను మార్పించాలి. ఊహ తప్పినచోటే మనసు వివరణ కోసం ఎదురుచూస్తుంది.

ఉదాహరణకు "5" + 3 ఎంత? 8 అనుకుంటారు, "53" వస్తుంది. "5" - 3 మాత్రం 2. ప్లస్ గుర్తుకు కూడడం, అక్షరాలను అతికించడం అనే రెండు పనులున్నాయి. మైనస్‌కు లెక్క తప్ప వేరే పని లేదు. ప్రాంప్ట్‌తో (వాడేవాళ్లను అడిగే పెట్టె) తీసుకున్నది అంకెలా కనిపించినా స్ట్రింగే (అక్షరాల వరుసే) కాబట్టి కూడే ముందు నంబర్‌గా మార్చాలన్న సంగతి ఇది చూశాక చెబితే గుర్తుండిపోతుంది.

వేరియబుల్స్‌కు లెట్ (తర్వాత మార్చేదానికి), కాన్స్ట్ (మార్చనిదానికి) చాలు. ఇవి 2015 నాటి ప్రమాణంతో వచ్చాయి. అంతకుముందు వాడిన వార్ (var) పాత కోడ్ చదవడానికి అవసరమే గానీ దాన్ని చివర్లో చెప్పొచ్చు. పోల్చడానికి మొదటి నుంచీ మూడు ఈక్వల్స్ గుర్తులే (===) అలవాటు చేయండి. షరతులో ఒక్కటే పెడితే అది పోలిక కాదు, విలువ ఇవ్వడం. అక్కడ 5 ఇస్తే షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, లెట్‌తో చేసిన వేరియబుల్ అయితే ఎర్రర్ కూడా రాదు.

ఫంక్షన్లకు రెండు వారాలు ఎందుకంటే, రిటర్న్‌కూ (ఫలితాన్ని పిలిచినచోటికి ఇవ్వడం) కన్సోల్.లాగ్‌కూ (తెరమీద చూపించడం) తేడా తెలియనివాళ్లకు ఆ తర్వాతి పాఠాలేవీ నిలవవు. రెండు అంకెలు కూడే ఫంక్షన్‌లో లాగ్ పెడతారు, తెరమీద 8 కనిపిస్తుంది, పని అయిందనుకుంటారు. ఆ ఫలితానికి 10 కలిపితే నాన్ (NaN, అంటే సంఖ్య కాదు) వస్తుంది. రిటర్న్ లేని ఫంక్షన్ ఇచ్చేది అన్‌డిఫైన్డ్ (విలువ లేదు), దానికి 10 కలిపితే అది సంఖ్యే కాదు. ఈ రెండు వారాలూ ఫంక్షన్ లోపల లాగ్ వాడొద్దని నియమం పెట్టండి: ఫలితాన్ని రిటర్న్ చేయాలి, బయట ప్రింట్ చేయాలి. ఆటోమేటిక్‌గా దిద్దే టెస్టులు కూడా రిటర్న్ అయిన విలువనే చూడాలి. తెరమీది వాక్యాన్ని అక్షరం అక్షరం పోల్చే టెస్టులో ఒక ఖాళీ ఎక్కువైనా సరైన జవాబు తప్పవుతుంది, కొత్తవాళ్లకు అది అన్యాయం. 0, ఖాళీ స్ట్రింగ్, రుణ సంఖ్యలు టెస్టుల్లో తప్పకుండా ఉండాలి.

అర్రేల వారంలో సార్ట్ (వరుసలో పేర్చేది) దగ్గర ఆగండి. [10, 9, 1] ఇస్తే [1, 10, 9] వస్తుంది, ఎందుకంటే చెప్పకపోతే అది అంకెలను కూడా అక్షరాల్లాగే పోలుస్తుంది. పోల్చే ఫంక్షన్ ఇవ్వడం ఎందుకో ఇక్కడ తేలిగ్గా తెలిసిపోతుంది.

వెబ్ పేజీ పాఠాల్లో ఎక్కువగా ఎదురయ్యేది నల్ (వెతికింది దొరకలేదు) ఎర్రర్. స్క్రిప్ట్‌ను పేజీ మొదట్లోని హెడ్‌లో పెడితే బటన్ తయారవకముందే కోడ్ దాన్ని వెతుకుతుంది. స్క్రిప్ట్ వేరే ఫైలులో ఉంటే డిఫర్ జోడిస్తే సరి, పేజీ తయారయ్యాకే నడుస్తుంది. క్లిక్‌కు ఫంక్షన్ పేరు ఇచ్చేటప్పుడు పక్కన బ్రాకెట్లు పెట్టారంటే క్లిక్ కోసం ఆగకుండా వెంటనే రన్ అయిపోతుంది.

ఎర్రర్ వస్తే ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడకుండా మొదటి లైను, లైను నంబరు చదవడం తొలి వారం నుంచే నేర్పండి. సందేహం అడిగేవాళ్లు మూడు పంపాలి: కోడ్, ఎర్రర్ పూర్తి పాఠం, తాము ఏం వస్తుందనుకున్నారో.

చివరి వారంలో ముందుగా 1 ప్రింట్ చేసి, సెట్‌టైమౌట్‌లో (పనిని వాయిదా వేసేది) 0 మిల్లీసెకన్లతో 2, ఆపైన 3 ప్రింట్ చేయించండి. వరుస 1, 3, 2. చేతిలో ఉన్న కోడ్ పూర్తయ్యాకే వాయిదా వేసిన పని మొదలవుతుందని ఇక్కడ తెలిస్తే అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమనడం) అర్థమవుతుంది. 404 (అడిగింది సర్వర్‌లో లేదు) వచ్చినా, డేటా తెచ్చే ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా లెక్కపెట్టదు, జవాబులోని ఓకే విలువ మనమే చూసుకోవాలి. డేటా ఫైలు పక్కనే ఉన్నా, పేజీని డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఫెచ్‌ను బ్రౌజర్ అడ్డుకుంటుంది. లోకల్ సర్వర్ (మన కంప్యూటర్‌లోనే నడిచేది) ఇన్‌స్టాల్ చేయించాల్సిన రోజు ఇదే.

ప్రాజెక్టుగా పనుల జాబితా ఇవ్వండి, లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే నిల్వ) దాచమనండి. అది స్ట్రింగ్‌లనే దాస్తుంది కాబట్టి జేసన్‌గా (డేటాను అక్షరాలుగా రాసే పద్ధతి) మార్చి పెట్టాలి, తీసేటప్పుడు తిరిగి మార్చాలి. దిద్దేటప్పుడు రెండు పనులు చేర్చి, ఒకటి తీసేసి, పేజీని రీఫ్రెష్ చేసి చూడండి. మిగిలిన పని అలాగే ఉంటే ఫంక్షన్లు, అర్రేలు, స్టోరేజ్ సరిగా కలిసినట్టే; అప్పుడు కోడ్ తెరిచి ఏ ఫంక్షన్ ఏం రిటర్న్ చేస్తుందో వాళ్లచేతే చెప్పించండి.