పిల్లి తీరు తెలుసుకుందాం – 4వ పాఠం: ఆకలి వేరు, వేట వేరు

"పిల్లికి తిండి పెడితే ఎలుకలను పట్టదు." శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. నూర్పులు అయి ధాన్యం ఇంటికి చేరే రోజుల్లో, పొలంలో మేత తగ్గిన ఎలుకలు పురుల కిందికి, గాదెల చాటుకు వస్తాయి. సరిగ్గా అప్పుడే పిల్లి గిన్నె ఖాళీ అవుతుంది. ఎలుకల మీది కోపం పిల్లి కడుపు మీద చూపించడం అన్యాయమే కాదు, పనికిరాని ఉపాయం కూడా. ఎందుకో ముందు తెలుసుకుందాం. ఆ తర్వాత మీ పెరట్లోని పిల్లి వేటను దశలవారీగా గమనించడం సాధన చేద్దాం.

పిల్లికి వేటాడాలన్న తపన ఆకలితో పుట్టేది కాదు. చిన్న జీవి కదలిక, చప్పుడు దాన్ని లేపుతాయి. దీనికి బలమైన కారణం ఉంది. పిల్లి వేటాడేది తనకంటే చాలా చిన్న జీవులను. ఒక్క చిట్టెలుకతో రోజు గడవదు, రోజుకు చాలాసార్లు వేటాడాలి. మాటు వేసిన ప్రతిసారీ ఎర దొరకదు. కడుపు కాలేదాకా ఆగితే అప్పటికి ఒంట్లో సత్తువ ఉండదు. అందుకే కడుపు నిండి ఉన్నా కలుగు దగ్గర అలికిడి అయితే చెవులు అటు తిరుగుతాయి. 1976లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఇష్టమైన తిండి తింటున్న పిల్లుల ముందు ఎలుకను వదిలారు. అవి తిండి మధ్యలో ఆపి, ఎలుకను చంపి, మళ్ళీ వచ్చి తమ తిండే తిన్నాయి.

ఆకలికి అసలు పాత్రే లేదని కాదు. ఆకలిగా ఉన్న పిల్లి త్వరగా చంపుతుంది, త్వరగా తింటుంది. కానీ పస్తు పెట్టిన పిల్లి మీ గాదె దగ్గరే కాపలా కాస్తుందన్న హామీ లేదు. పక్కింటి వంటగదిలో చేపల గిన్నె తేలికగా దొరుకుతుంటే అటే పోతుంది.

పెట్టే తిండి గురించి ఒక మాట. పెరుగన్నం ఒక్కటే పెడితే చాలదు. పిల్లి పూర్తి మాంసాహారి. తీపి రుచి తెలుసుకునే శక్తి దాని నాలుకకు లేదు. చూపుకూ గుండెకూ అవసరమైన టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచే రావాలి. ఉడికించి ముళ్ళు తీసిన చేప, కోడిమాంసం, గుడ్డు పెట్టండి. ఉప్పు పట్టించిన ఎండుచేప వద్దు. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు అసలే వద్దు, ఆ రెండూ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇక గమనించడానికి కూర్చుందాం. తెల్లవారుజాము, లేదా దీపాలు పెట్టే వేళ ఎంచుకోండి. పిల్లి ఎక్కువ చురుగ్గా ఉండేది ఈ రెండు పూటలే. గడ్డివాముకో, పురికో కొంచెం దూరంలో కదలకుండా కూర్చోండి. పిల్లిని పిలవవద్దు, ఫోను తీయవద్దు.

మొదట కనిపించేది మాటు. పిల్లి కలుగు నోటికి కాస్త పక్కగా కూర్చుంటుంది. కునుకు తీస్తున్నట్టే ఉంటుంది, కానీ చెవులను చూడండి. ఒకటి కలుగు వైపు, ఇంకొకటి వీధి వైపు, దేని దారి దానిది. మనిషి చెవికి అందే శబ్దం సెకనుకు 20 వేల కంపనాల దగ్గర ఆగిపోతుంది. పిల్లి చెవి 60 వేలు దాటినా వింటుంది. చిట్టెలుకలు తమలో తాము చేసుకునే సన్నని కీచుల్లో చాలా భాగం మనకు వినపడవు, దానికి వినపడతాయి. మీకు ఏమీ జరగనట్టు అనిపించే ఆ నిమిషాల్లో అది వింటూనే ఉంటుంది.

ఎర బయటికి వచ్చి కాస్త దూరంలో ఉంటే పాకడం మొదలవుతుంది. పొట్ట నేలకు తాకేంత కిందికి వంగి, చాటు నుంచి చాటుకు జరుగుతుంది. ఎర తల ఎత్తగానే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోతుంది. ఇది త్వరగా ముగిసే దశ, తప్పిపోయినా బాధపడకండి.

తప్పక చూడవలసింది దూకే ముందు క్షణం. ముందుకాళ్ళు నిలకడగా ఉంటాయి. వెనకకాళ్ళు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతుంటాయి, పిరుదులు అటూ ఇటూ ఊగుతాయి. తోక మొత్తం కదలదు, కొస ఒక్కటే కొట్టుకుంటుంది. కంటిపాపలు వెడల్పవుతాయి. ఆ ఊపు ఆగిన మరుక్షణం పిల్లి గాలిలో ఉంటుంది.

పట్టులో మీసాల పని చూసితీరాలి. మూతికి జానెడు దూరం లోపలి వస్తువు పిల్లి కంటికి స్పష్టంగా ఆనదు. అంటే పట్టుకునే సమయానికి ఎలుక దానికి మసకగానే కనిపిస్తుంది. అప్పుడు బుగ్గల మీది మీసాలు ముందుకు విచ్చుకుని ఎరను చుట్టుకుంటాయి. ఎలుక తల ఎటు ఉంది, వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయి అన్నది ఆ స్పర్శే చెబుతుంది. దాని ఆధారంగా మెడ వెనక చోటు వెతికి కోరపళ్ళు దించుతుంది. అవి వెన్నుపూసల సందులోకి దిగితే ఎలుక అక్కడికక్కడే చస్తుంది.

మరి చెలగాటం? పట్టిన ఎలుకను వదిలి, మళ్ళీ పట్టి, పంజాతో ఎగరేయడం చూస్తే మనకు క్రూరంగా అనిపిస్తుంది. దాన్ని క్రౌర్యం అనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఎలుకకూ పళ్ళున్నాయి. అది తిరగబడి కరిస్తే గాయం పిల్లి మూతికి, కంటికి తగులుతుంది. ఎర పెద్దదైనప్పుడు, ఆకలి తక్కువైనప్పుడు ఈ ఆట ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. దగ్గరికి పోవాలన్న తపన, దెబ్బ తగులుతుందన్న జంకు రెండూ ఒకేసారి పనిచేస్తే కనిపించేది ఈ తీరే. పందికొక్కు ఎదురైతే చాలా పిల్లులు పక్కకు తప్పుకునేదీ ఇందుకే. పందికొక్కుల బెడద పిల్లితో తీరుతుందని ఆశించకండి. ఇంట్లో ఎలుకల మందు పెట్టి ఉంటే పిల్లిని వేటకు వదలకండి. మందు తిన్న ఎలుకను తింటే పిల్లి ప్రాణం కూడా పోవచ్చు.

ఇప్పుడు సాధన. ఎలుకలు లేని ఇంట్లోని పిల్లికీ ఈ తపన ఉంటుంది. దానికి దారి చూపకపోతే మీ పాదాల మీద, గోరింకల మీద తీరుతుంది. మన జిల్లాల్లో గోగునారకు కొదవ లేదు. రెండు బారల నార తాడు కొసకు పాత గుడ్డపేలిక గానీ కోడి ఈక గానీ గట్టిగా కట్టండి. దాన్ని పిల్లి ముఖం మీదికి తేవద్దు, ఏ ఎలుకా పిల్లి మీదికి నడిచి రాదు. పిల్లికి దూరంగా, నేల మీద, గోడ వెంట లాగండి. పీట చాటుకు వెళ్ళాక ఆపండి. కొస కొంచెం కనిపించేలా ఉంచి ఒక్కసారి కదపండి. పైన చెప్పిన దశలన్నీ మీ కళ్ళ ముందే వరసగా జరుగుతాయి. మధ్యమధ్య పట్టుకోనివ్వండి, కరవనివ్వండి. ఎప్పటికీ దొరకని ఎర పిల్లిని విసిగిస్తుంది. చివరి పట్టు కాగానే గిన్నెలో తిండి పెట్టండి.

రోజుకు 5 నుంచి 10 నిమిషాలు చాలు. ఇంగ్లండ్‌లోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ ఇంతసేపు ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 25 శాతం తగ్గింది. మాంసపు ప్రొటీన్లు దండిగా ఉన్న తిండి పెట్టినప్పుడు 36 శాతం తగ్గింది. అంటే ఆటా తిండీ వేటను తగ్గిస్తాయే కానీ మాన్పించవు. పిట్టల ప్రాణాలు కాపాడాలనుకునేవారికి ఇది మంచి కబురు. గాదెలో ఎలుకలున్నవారు ఆట మానినా ఫరవాలేదు, తిండి మాత్రం మానవద్దు.

ఒక జాగ్రత్త. ఆట అయ్యాక తాడు పిల్లికి అందని చోట దాచండి. దాని నాలుక మీది ముళ్ళు గొంతు వైపు వంగి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన దారాన్ని తేలికగా ఉమ్మలేదు. మింగిన దారం పేగులను మడతలు పడేలా లాగి కోసేస్తుంది. వాంతులు, తిండి మానడం కనిపిస్తే వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నోట్లోనో వెనకనో దారం కొస కనిపించినా మీరు లాగవద్దు.

వచ్చే పాఠం దాకా ఒక నోటుపుస్తకంలో ఇవి రాస్తూ ఉండండి: మాటు వేసిన వేళ, చోటు, ఎర ఏమిటి, ఏ దశలో వేట ఆగిపోయింది, అంతకుముందు ఎప్పుడు తిన్నది. చివరి గడి తప్పకుండా నింపండి. తిన్న వెంటనే వేటకు దిగిన రోజులు అక్కడే బయటపడతాయి. తల్లి పిల్లి తన కూనలకు వేట ఎలా నేర్పుతుందన్నది 5వ పాఠం. మీ ఇంట్లో ఈనిన పిల్లి ఉంటే కూనలకు నాలుగో వారం వచ్చినప్పటి నుంచి తల్లి ఏమి తెచ్చి వాటి ముందు పెడుతోందో, అది చచ్చిన ఎరో బతికిన ఎరో ఇప్పుడే రాసుకోవడం మొదలుపెట్టండి.