అమెరికాలో కాల్పుల వార్త వచ్చిన రోజు ఇంట్లో ఏం చేయాలి, అంతకు ముందే ఏం చేసి పెట్టుకోవాలి

2023 మే 7, ఆదివారం. పొద్దున్నే ఐదున్నరకి స్టవ్ మీద పాలు పెట్టి టీవీ వేశాను. కింద ఎర్ర పట్టీలో "డల్లాస్‌లో కాల్పుల కలకలం" అని స్క్రోలింగ్ వస్తోంది. మావాడు అప్పుడు డల్లాస్‌లోనే ఎం.ఎస్. రెండో సెమిస్టర్. పాలు పొంగి స్టవ్ అంతా కారిపోతున్నా నాకు తెలీలేదు, వాడికి కాల్ మీద కాల్ చేస్తూనే ఉన్నాను, పంతొమ్మిది సార్లు చేశానని తర్వాత ఫోన్ చూసుకుంటే తెలిసింది. వాడు లైబ్రరీలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి చదువుకుంటున్నాడు. నలభై నిమిషాల తర్వాత తిరిగి చేశాడు. కాల్పులు జరిగింది డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఆలెన్ అనే ఊళ్ళో, ఒక అవుట్‌లెట్ మాల్లో. 8 మంది చనిపోయారు, వాళ్ళలో మన హైదరాబాద్ అమ్మాయి కూడా ఉంది. నాకు ఫోన్ వచ్చింది, ఆ ఇంటికి రాలేదు. అది నా మనసులోంచి ఈ రోజుకీ పోలేదు.

గుంటూరులో, బ్రాడీపేటలో మా లైన్ తీసుకుంటే ఇంటికొకరు చొప్పున అక్కడ ఉన్నారు. అందుకే ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ మొదటి పది నిమిషాల సంగతి. వార్త చూడగానే కాల్ చేయకండి, మెసేజ్ పెట్టండి. ఇది నేను మర్యాద కోసం చెప్పడం లేదు. అక్కడ కాల్పులు జరిగితే ఏం చేయాలో పోలీసులు, యూనివర్సిటీలు పిల్లలకి మూడు ముక్కల్లో చెబుతారు: వీలైతే పారిపో, లేకపోతే దాక్కో, ఏ దారీ లేనప్పుడే ఎదురు తిరుగు. దాక్కున్నప్పుడు తలుపుకి గడియ పెట్టి, లైట్లు ఆపి, ఫోన్ వైబ్రేషన్‌తో సహా సైలెంట్ చేయమంటారు. అంటే పిల్లాడు ఏ గదిలోనో బల్ల కింద ఊపిరి బిగబట్టి కూర్చున్న నిమిషంలో, ఫోన్ సైలెంట్ చేసుకునే తీరిక కూడా దొరకని నిమిషంలో, అమ్మ కాల్ మోగితే ఏమవుతుందో ఆలోచించండి. నేను పంతొమ్మిది సార్లు చేశాను. వాడు అక్కడ లేడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఇది. మేము "ఎలా ఉన్నావు" అని ఒక్క మెసేజ్ పెడతాం. వాడు క్షేమంగా ఉంటే ఫ్యామిలీ గ్రూపులో "సేఫ్" అని ఒక్క ముక్క పెడతాడు, కథంతా తర్వాత. వాడి దగ్గర్లో ఏదైనా జరిగితే మేము అడగకముందే వాడే పెట్టాలి. పెద్దమ్మలు, బాబాయిలు, అత్తయ్యలు అందరూ మాకే చేయాలి, వాడికి కాదు. ఈ చివరిది ఒప్పించడానికి మావారికి చాలా రోజులు పట్టింది.

మెసేజ్ పెట్టాక ఊరి పేరు సరిగ్గా చదవండి. మన చానళ్ళు "టెక్సాస్‌లో" అని ఊరుకుంటాయి. డల్లాస్ నుంచి హ్యూస్టన్ అంటే ఇంచుమించు గుంటూరు నుంచి చెన్నై అంత దూరం. చెన్నైలో ఏదో జరిగిందని గుంటూరులో ఉన్న పిల్లాడి కోసం గుండె పట్టుకుంటామా? ఊరి పేరు తెలిశాక టీవీ ఆపేయండి, ఎందుకంటే అదే ముప్పై సెకన్ల వీడియో గంటసేపు తిప్పితిప్పి వేస్తారు, మన ప్రాణానికి అది ముప్పైసార్లు జరిగినట్టే ఉంటుంది.

ఇక ముందే చేసి పెట్టుకోవాల్సిన కాగితం. మాది వంటింట్లో తిరుమల క్యాలెండర్ వెనక అంటించి ఉంది. అందులో వాడి పూర్తి అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా. ఇద్దరు రూమ్మేట్ల నంబర్లు, వాళ్ళ అమ్మానాన్నల నంబర్లు (ఒకరిది తెనాలి, ఒకరిది నూజివీడు). యూనివర్సిటీ పోలీసుల నంబరు. ఆ ఊరి పోలీసుల పది అంకెల నంబరు. అక్కడి అత్యవసర నంబరు 911 అక్కడ ఉన్నవాళ్ళకే, ఇక్కడి నుంచి కొడితే వాళ్ళకి వెళ్ళదు, అందుకే ఈ పది అంకెలు కావాలి. ఆ నంబరుకి చేసి "వెల్‌ఫేర్ చెక్" అని అడిగితే, అంటే మా అబ్బాయి నుంచి కబురు లేదు, ఇంటికి వెళ్ళి చూడండి అని అడిగితే, మనిషిని పంపే పద్ధతి వాళ్ళకి ఉంది. పాస్‌పోర్టు నంబరు, మన కాన్సులేట్ నంబరు కూడా రాసుకోండి. ఒక్కో రాష్ట్రం ఒక్కో కాన్సులేట్ కిందికి వస్తుంది, టెక్సాస్ అయితే హ్యూస్టన్. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా పేరు నమోదు చేయించండి.

యూనివర్సిటీలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ కింద మీ నంబరు ఉందో లేదో మీ అబ్బాయినే అడగండి. అక్కడి చట్టం ప్రకారం పిల్లల వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా కన్నవాళ్ళకైనా మామూలుగా చెప్పరు. ఇంకో మంచి సంగతి, క్లేరీ చట్టం అని 1990లో వచ్చింది. 1986లో హాస్టల్ గదిలో హత్యకి గురైన ఒక విద్యార్థిని తల్లిదండ్రులు పోరాడి తెప్పించుకున్న చట్టం అది. దాని వల్లే కాలేజీలు క్యాంపస్ నేరాల లెక్కలు ఏటా అక్టోబరు 1 లోపు బయటపెట్టాలి, ప్రమాదం ఉంటే వెంటనే హెచ్చరిక పంపాలి. ఆ హెచ్చరిక మెసేజ్‌లు రావాలంటే అక్కడి ఫోన్ నంబరు రికార్డులో ఉండాలి. మావాడు సిమ్ మార్చి నాలుగు నెలలు అయినా మార్పించలేదు!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనకి భయం మాల్ కాల్పులు చూసి పుడుతుంది, కానీ అక్కడ తుపాకీ చావుల లెక్క వేరేగా ఉంది. 2022లో 48 వేల మందికి పైగా తుపాకీతో చనిపోతే, అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. టీవీలో వచ్చే సామూహిక కాల్పుల వాటా చాలా చిన్నది. కాబట్టి మనం అడగాల్సింది "అక్కడ గొడవలేమైనా ఉన్నాయా" అని ఒక్కటే కాదు. తిన్నాడా, నిద్రపోతున్నాడా, ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా, రూమ్‌లో ఒక్కడే ఉంటున్నాడా. గొంతు మారితే వదలకండి. అక్కడ 988కి చేస్తే మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడే మనుషులు ఉంటారు, ఆ నంబరు వాడి చెవిన వేయండి.

రెండోది నైట్ షిఫ్ట్. ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మేము భోజనం చేస్తుంటే వాడు వీడియో కాల్ చేశాడు. వాడి వెనక సిగరెట్ పెట్టెల అర కనిపించింది. అక్కడ అప్పుడు రాత్రి రెండున్నర. ఏదో స్టోర్లో కౌంటర్ దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి, అనుమతి లేకుండా బయట చేయకూడదు. చేసేవాళ్ళకి ఏదైనా జరిగితే వీసా పోతుందని పోలీసులకి ఫోన్ చేయడానికి కూడా భయం. నేను తిట్టబోయి ఆగాను. ఎందుకంటే ముందు వారమే నేను ఫోన్లో "మిర్చి రేటు పడిపోయింది నాన్నా, ఈసారి వడ్డీ ఎలా కడతామో" అని నిట్టూర్చాను. మనం ఇక్కడ నిట్టూరిస్తే వాడు అక్కడ ఇంకో రెండు షిఫ్టులు వేసుకుంటాడు.

ఆ సాయంత్రం మావారు బ్యాంకు కాగితాలు ముందేసుకుని వాడితో లెక్కంతా మాట్లాడారు. ఈఎంఐ ఎంత, ఎన్నాళ్ళు మేము లాగగలం, ఏ బంగారం పెట్టగలం అని దాచకుండా చెప్పారు. తర్వాతి నెలకి వాడు ఆ పని మానేశాడు. మీరూ ఆ లెక్క వేసి చెప్పండి, "జాగ్రత్త నాన్నా" అని వందసార్లు అనడం కన్నా అది పనిచేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పి ఉంచండి: ఎవడైనా తుపాకీ చూపించి అడిగితే డబ్బు, ఫోన్, కారు తాళాలు ఏది అడిగితే అది ఇచ్చేయమని. హీరోలా ఎదురు తిరగొద్దని, మేము తిట్టమని, నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే పిల్లలు "కొత్త ఫోన్ పోగొట్టావా" అంటారేమో అని ఆ క్షణంలో కూడా ఆలోచిస్తారు.

ఫ్రెండ్ తుపాకీ కొన్నాడు, చూడ్డానికి వెళ్దాం అనే సరదా వద్దని కూడా చెప్పండి. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు తప్ప స్టూడెంట్ వీసా వాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

మన భయంతో వ్యాపారం చేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. "మీ అబ్బాయి గన్ కేసులో దొరికాడు, డబ్బు పంపండి" అని ఫోన్ వస్తుంది, వెనక ఏడుపు కూడా వినిపిస్తుంది, ఈ రోజుల్లో గొంతు కూడా తయారు చేయగలుగుతున్నారు. మా ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకున్నాం, మా ముగ్గురికే తెలిసింది, వాడి చిన్నప్పటి ముద్దుపేరు కాదు, ఫేస్‌బుక్‌లో దొరికేది కాదు. ఆ మాట చెప్పలేకపోతే ఫోన్ పెట్టేయడమే. డబ్బు పంపేసి ఉంటే వెంటనే మన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

ఎవరి పిల్లలకైనా నిజంగా జరిగితే ఆ వీడియో మీ గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి. ఆ ఇంటికి ఫోన్ చేసి ఎలా జరిగింది, ఎన్ని బుల్లెట్లు అని అడగకండి. అన్నం వండి పట్టుకెళ్ళండి.

కాగితం మీద టైము తేడా కూడా రాసుకోండి. డల్లాస్‌కి ఎండాకాలంలో పదిన్నర గంటలు, నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర, మళ్ళీ మార్చి రెండో ఆదివారం మారుతుంది. కబురు రాకపోతే మా వరస ఇది: పది నిమిషాలు ఆగి రూమ్మేట్లకి మెసేజ్, ఆ తర్వాత తెనాలి ఆవిడకి ఫోన్. ఆవిడ ఐదింటికే లేస్తుంది. మొన్న మళ్ళీ ఏదో స్క్రోలింగ్ వచ్చినప్పుడు నేను చేసేలోపే ఆవిడే చేసింది, "వదినా, ముగ్గురూ రూమ్‌లోనే ఉన్నారు, నిద్రపోతున్నారట" అని.