కప్పలను వేరే చోటికి మారుస్తున్నారా? ఫంగస్ వెంట వెళ్లకుండా ఇలా చూసుకోండి

జూలోదైనా, ల్యాబ్‌లోదైనా, ఇంటి ట్యాంకులోదైనా, కప్పను వేరే చోటికి మార్చే ముందు దానికి కైట్రిడ్ ఫంగస్ (కప్పల చర్మానికి పట్టి చంపే బూజు) ఉందనే అనుకోండి. చూడ్డానికి బాగానే ఉంది కదా అంటే కుదరదు. ఆఫ్రికా గోళ్ల కప్ప, అమెరికన్ బుల్‌ఫ్రాగ్ లాంటివి ఫంగస్‌ను మోస్తూ కూడా హాయిగా తిని తిరుగుతుంటాయి, చచ్చేది పక్కనున్నవి. తోకకప్పలతో ఇంకా మోసం. ఫంగస్ పట్టేది కెరాటిన్‌కు, అంటే చర్మాన్ని గట్టిపరిచే పదార్థానికి. వాటికి అది ఉండేది నోటి దగ్గరే కాబట్టి ఫంగస్ అక్కడే నక్కి ఉంటుంది, అవి కప్పలయ్యాక ఒళ్లంతా పాకుతుంది. కప్ప నీళ్లూ లవణాలూ చర్మంతోనే పీల్చుకుంటుంది, ఆ చర్మం పాడైతే ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది.

స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో జరిగింది ఇదే. అక్కడ మాత్రమే ఉండే మిడ్‌వైఫ్ కప్పను కాపాడుదామని జూలో పెంచిన వాటిని వదిలితే, ఫంగస్ కూడా వాటితో పాటే దిగింది. పెంచిన చోట ఉన్న దక్షిణాఫ్రికా గోళ్ల కప్పల నుంచే అంటిందని 2008లో వచ్చిన పరిశోధన చెప్పింది. తర్వాత దాన్ని వదిలించడానికి గుంటల్లో నీళ్లు తోడి, తోకకప్పలన్నిటినీ పట్టి, మందు నీళ్లలో ఉంచి, రాళ్లకు క్రిమిసంహారకం కొట్టాల్సి వచ్చింది.

అందుకే బయల్దేరే ముందే వాటిని వేరే గదిలో పెట్టండి, కనీసం నెల రోజులు, అడవిలో వదిలేవైతే ఇంకా ఎక్కువ. వల, బకెట్ అన్నీ విడిగా ఉండాలి. ఆ గది పని రోజూ ఆఖర్న చేసుకోండి, ముందు చేస్తే మీరే మిగతావాటికి అంటిస్తారు.

పరీక్షకు పొట్ట కింద, తొడల లోపల, వేళ్ల మధ్య స్వాబ్‌తో గట్టిగానే రుద్దాలి, ఊరికే తాకిస్తే ఏమీ రాదు. తోకకప్పకైతే నోటి దగ్గర. ఒక్కో జీవికి కొత్త గ్లవ్స్. పీసీఆర్ (ఫంగస్ డీఎన్‌ఏను పట్టే ల్యాబ్ పరీక్ష) ఒకసారి నెగెటివ్ వస్తే నమ్మేయకుండా కొన్నాళ్లాగి మళ్లీ చేయించండి. సాలమాండర్లయితే (బల్లిలా తోక ఉండే, కప్పలకు దగ్గరి జీవులు) బీసాల్ అనే రెండో రకం కైట్రిడ్‌కు కూడా చూడమని ల్యాబ్‌కు చెప్పాలి. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టేసింది అదే, 2016లో అమెరికా 201 జాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది కూడా దాని భయంతోనే. పాజిటివ్ వస్తే ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు నీళ్లలో స్నానాలు ఉన్నాయి కానీ డోసు పశువైద్యుడే చెప్పాలి, చిన్న ప్రాణాలకు అదే విషమవుతుంది.

ఎక్కువమంది వదిలేసేది నీళ్లనే. ఈ ఫంగస్ బీజాలు తోకతో ఈదుతాయి, కాబట్టి పెట్టెలో వచ్చిన నీళ్లు, తడి నాచు, మట్టి అన్నీ అనుమానించాల్సినవే. బ్లీచ్ కలిపి కొంతసేపు ఉంచకుండా ఎక్కడా పారబోయకండి, చెరువులో, తోటలో అయితే అసలు వద్దు. వలలకు, బూట్లకు ముందు బురద కడిగేయాలి, బురద ఉంటే బ్లీచ్ పని చేయదు. తర్వాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో (బ్లీచ్‌లో ఉండే రసాయనం ఇదే) కొన్ని నిమిషాలు నానబెట్టండి, లేదా 60 డిగ్రీల వేడినీళ్లలో 5 నిమిషాలు ఉంచండి. బ్లీచ్ వాసన పోయేదాకా కడిగాకే కప్పల దగ్గరికి తేవాలి.

చేరాక అక్కడ కూడా మళ్లీ క్వారంటైనే, ముందు చోట చేశారని మానేయొద్దు. దారిలో ఒకటి చచ్చిపోతే పారేయకుండా 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, ఎక్కడి నుంచి వచ్చిందో చీటీ రాసి ల్యాబ్‌కు పంపండి, ఫలితం వచ్చేవరకు మిగతావాటిని కదపకండి.