రంగురంగుల ఆకు తినే పెంకు పురుగులను ఇంటి తోటకు రప్పించడం ఎలా?

ఆకులు తిని బతికే పెంకు పురుగులలో పసిడి వన్నెవీ, నెమలికంఠం రంగువీ, నిగనిగలాడే ఎరుపువీ ఎన్నో ఉన్నాయి. క్రైసోమెలిడే అనే ఈ కుటుంబంలో ఇప్పటివరకు వర్ణించిన జాతులే 35,000కు పైగా ఉన్నాయి. వీటిలో చాలా జాతులు తమకు సరిపడే కొద్దిపాటి మొక్కలను తప్ప వేరే ఆకును ముట్టవు. కాబట్టి పురుగును రప్పించాలంటే ముందు దాని మొక్కను పెంచాలి, ఆ ఆకులకు చిల్లులు పడితే సంతోషించాలి.

మొదట మీ పరిసరాల్లో ఏ జాతులున్నాయో తెలుసుకోండి. ఉదయపు చల్లదనంలో పురుగులు మందకొడిగా ఉంటాయి కనుక, కంచెల మీది తీగలను, పొదలను అప్పుడే పరిశీలించి, ఏ మొక్క మీద ఏ పురుగు కనిపించిందో రాసుకోండి. అలికిడైతే చాలా పురుగులు కాళ్లు ముడుచుకుని కింద పడిపోతాయి, అందువల్ల ఆకును కదపకుండా చూడాలి.

తరువాత ఆ మొక్కలనే నాటండి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా సూచించేది చిలగడదుంప తీగ లేదా మార్నింగ్ గ్లోరీ, ఎందుకంటే వీటి మీదికి తాబేలు పురుగులు వస్తాయి. వీటి పెంకు అంచు గాజులా పారదర్శకంగా ఉండి, కాళ్లను, తలను పూర్తిగా కప్పేస్తుంది. ఉత్తర అమెరికాలోని బంగారు తాబేలు పురుగును కదిలిస్తే, దాని మెరుపు తగ్గి ఎర్రబారుతుంది. చనిపోయాక ఆ బంగారు రంగు నిలవదు. వీటి పిల్ల పురుగులు తమ మలాన్ని, విడిచిన చర్మాన్ని వీపు మీద గొడుగులా మోస్తూ శత్రువుల నుంచి కాపాడుకుంటాయి. చెత్త అనుకుని దులిపేయకండి. పుదీనా, రోజ్‌మేరీ, లావెండర్ మొక్కలకు లోహపు మెరుపున్న వేరే జాతులు వస్తాయి. మార్నింగ్ గ్లోరీ కొన్నిచోట్ల అదుపు తప్పి అల్లుకుపోతుంది, అలాంటి ప్రాంతాల్లో స్థానిక మొక్కలను ఎంచుకోవాలి.

పురుగుమందులు పూర్తిగా మానాలి, వేపనూనె కూడా చల్లకూడదు. నర్సరీ నుంచి మొక్క తెచ్చేటప్పుడు, ఆకు లోపలికి ఇంకిపోయే మందులు వాడారా అని తప్పక అడగండి. పైన కడిగినంత మాత్రాన అవి పోవు.

చాలా జాతులు ప్యూపా దశను, అంటే పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే కదలని దశను, మట్టిలో గడుపుతాయి కనుక మొక్క మొదళ్లను తరచూ తవ్వకండి, రాలిన ఆకులను అక్కడే ఉంచండి. తాబేలు పురుగులు మాత్రం ఆకుకే అంటుకుని ప్యూపాగా మారతాయి, కాబట్టి చిల్లులు పడ్డాయని ఆకులను కత్తిరించవద్దు.

ఈ మొక్కలను కూరగాయల మడులకు దూరంగా ఉంచండి. గుమ్మడి, దోస జాతులను తినే ఎర్ర పెంకు పురుగు, బంగాళాదుంపను నాశనం చేసే చారల కొలరాడో పురుగు ఈ కుటుంబానివే, వాటిని ఆహ్వానించకూడదు. వేరే ప్రాంతాల నుంచి పురుగులను తెచ్చి వదలడం కూడా తగదు. మొదటి ఏడాది ఏదీ రాకపోయినా మొక్కలను తీసేయకండి. పురుగులు బాగా పెరిగి ఒక మొక్క బోడిగా అవుతుంటే, పిల్ల పురుగులున్న ఆకును కోసి అదే జాతికి చెందిన మరో మొక్క మీద పెట్టండి. అవి తామే కొత్త ఆకు మీదికి పాకుతాయి.